ఓనర్‌ను అడగని గోడ

(విద్యార్థులు, ఉద్యోగులు పాల్గొన్న సమావేశంలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



చికాగో అనంగనే మన దిక్కు మనుషులకు రెండు యాదికొస్తయి. ఎర్రజెండ పట్టినోళ్లకు మేడే, 1886ల హే మార్కెట్ కాల్పులు. మిగిలినోళ్లకు వివేకానందుడు, 1893. ఈ ఇరవై ముప్పై ఏండ్లల్ల మూడోది కూడ కలిసింది, కొడుకో బిడ్డో ఆడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుడు. నేను ఇయ్యాల చెప్పదల్చుకున్న చికాగో ఈ మూడింటిలో లేదు. ఆ ఊరికి దక్షిణం దిక్కు 43వ వీధి, లాంగ్లీ అవెన్యూ కలిసే మూల మీద ఒక పాత రెండంతస్తుల బిల్డింగు ఉండె. నేను మాట్లాడేది దాని గోడ గురించి. ఇప్పుడు ఆ బిల్డింగు లేదు, గోడ లేదు. యాభై ఏండ్ల కిందనే పోయినయి. లేని గోడ గురించి ఈయన ఇంతసేపు ఏం చెప్తడని మీరు అనుకోవచ్చు. అయితే ఉద్యమంల రాత్రిపూట గోడల మీద రాసి, పోలీసు జీపు మలుపు తిరిగేలోపల రంగు డబ్బ, బ్రష్షు దాచిన చేతులు ఈ హాల్ల చానా ఉన్నయి. మీకు చెప్పుడు నాకు సులువే.

ముందుగాల ఆ వీధికి మనుషులు ఎట్ల వచ్చిండ్రో చెప్పాలె. అమెరికాల బానిసత్వం చట్టప్రకారం 1865ల పోయింది. పోయినా మిసిసిపీ, అలబామా పత్తి చేన్లల్ల పాలుకు చేసే పేరుతోని అదే బతుకు, అవే అప్పులు. ఓటేయబోతే దెబ్బలు, ఎదురు మాట్లాడితే చెట్టుకు ఉరి. మొదటి ప్రపంచ యుద్ధం టైంల ఉత్తరాది ఫ్యాక్టరీలకు కూలీలు కావల్సి వచ్చిండ్రు. నల్లవాళ్లు ఇల్లినాయ్ సెంట్రల్ రైలెక్కి చికాగో తొవ్వ పట్టిండ్రు. పాలమూరు బస్సు తెలిసినోళ్లకు ఆ రైలు అర్థమైతది. 1910ల చికాగోల నల్లవాళ్లు 44 వేల మంది. 1960 నాటికి 8 లక్షలు దాటిండ్రు. మనుషులు ఇంతగనం పెరిగిండ్రు గని వాళ్లకు దొరికే జాగ పెరగలేదు. ఇంటి దస్తావేజుల్లనే రాసుకునేవాళ్లు, ఈ ఇల్లు నల్లవాళ్లకు అమ్మొద్దు, కిరాయికి ఇయ్యొద్దు అని. ఆ షరతును అమలు చేసుడు కోర్టుల పని కాదని 1948ల సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు వచ్చినా నల్లవాళ్లు ఉండే గల్లీ ఏదో, తెల్లవాళ్లు ఉండే గల్లీ ఏదో ఊర్ల అందరికీ తెలుసు. 1966ల మార్టిన్ లూథర్ కింగ్ చికాగోకు వచ్చి ఇండ్ల హక్కు కోసం ఊరేగింపు తీస్తే మార్క్వెట్ పార్కు కాడ రాయితోని కొట్టిండ్రు. తలకు తగిలింది.

అట్ల బతికే మనిషికి తన ముఖం ఊర్ల ఎక్కడ కనపడాలె? పాన్‌కేక్ పిండి డబ్బా మీద కనపడేది. ఆంట్ జెమీమా, నవ్వుకుంట వంట చేసి పెట్టే ముసలమ్మ. బియ్యం డబ్బా మీద అంకుల్ బెన్. అత్త, మామ అనే పిలుపు సుత ప్రేమతోని వచ్చింది కాదు. దక్షిణాదిల ముసలి నల్లవాళ్లను మిస్టర్, మిసెస్ అని మర్యాదగ పిలవాల్సి వస్తదని అట్ల పిలిచేవాళ్లు. కంపెనీలు ఈ రెండు పేర్లు తీసేస్తమని ఒప్పుకున్నది 2020ల. అంటే నిన్న మొన్న. సినిమాలల్ల పని మనిషి, బూటు పాలిషు పిల్లగాడు. పేపర్ల అయితే దొంగతనం కేసుల ఫోటో.

ఇది మనసుల పెట్టుకుని 1967 ఎండకాలం దగ్గరకు రాండ్రి. అమెరికా ఎండకాలం అంటే జూన్, జూలై, ఆగస్టు. జూలైల న్యూఆర్క్ పట్నం మండింది, 26 మంది చనిపోయిండ్రు. అదే నెలల డెట్రాయిట్ మండింది, అక్కడ 43 మంది. చికాగోల ఏమైతదో అని సర్కారు ఒకదిక్కు, జనం ఒకదిక్కు భయపడ్తున్నరు. సరిగ్గ ఆ ఆగస్టుల, 43వ వీధిల, కొందరు నల్లజాతి చిత్రకారులు నిచ్చెనలు వేసుకుని గోడ ఎక్కిండ్రు.

గోడ ఎక్కినోళ్లు

వీళ్ల సంఘం పేరు పొడుగు, ఆర్గనైజేషన్ ఆఫ్ బ్లాక్ అమెరికన్ కల్చర్. పొట్టి పేరు ఒబాసీ. పశ్చిమ ఆఫ్రికాల యొరుబా భాషల ఒబా అంటే రాజు. ఆ మాట కలిసొచ్చేటట్లనే పేరు పెట్టుకున్నరు. నీగ్రో డైజెస్ట్ అనే పత్రిక సంపాదకుడు హోయ్ట్ ఫుల్లర్ అందుల పెద్దమనిషి. (ఆ పత్రిక 1970ల పేరు మార్చుకుని బ్లాక్ వరల్డ్ అయింది. నీగ్రో అనేది ఎదుటోడు పెట్టిన పేరు, మేం బ్లాక్ అని చెప్పుకునే కాలం అది. కొన్నేండ్ల కింద తిట్టుగ వాడిన మాటను ఎదకు పెట్టుకునుడు మొదలైంది.) సంఘంల చిత్రకారులు వేరే ఒక జట్టు. జెఫ్ డొనాల్డ్‌సన్, వాడ్స్‌వర్త్ జారెల్, బార్బరా జోన్స్, మిర్నా వీవర్, నార్మన్ పారిష్, ఎడ్వర్డ్ క్రిస్మస్, ఇట్ల. గోడను ఏ భాగానికి ఏది అని పంచి, మొత్తం కూర్పు గీసి ఇచ్చింది సిల్వియా అబెర్నతీ అనే మహిళ. గోడ కథ చెప్పేటోళ్లు చానాసార్లు ఆమె పేరు మర్చిపోతరు, అందుకే నేను ముందే చెప్తున్న.

ఆ వీధిల బొమ్మలు వేద్దమని మొదలు అన్నది మాత్రం విలియం వాకర్. 1927ల అలబామాల బర్మింగ్‌హామ్‌ల పుట్టిండు. మిలిటరీల చేసిండు, బొమ్మల చదువు చదివిండు, చికాగోల పోస్టాఫీసు ఉద్యోగం చేసిండు. ఉద్యోగ సంఘాల మిత్రులు ఇక్కడ ఉన్నరు కాబట్టి ఒత్తి చెప్తున్న, పోస్టాఫీసు ఉద్యోగం. వాకర్‌కు 43వ వీధి మనుషులు ముందే ఎరుక. ఆ బిల్డింగుల ఒక బారు ఉండె. పట్టణాభివృద్ధి పేరుతోని కూలగొట్టే ఇండ్ల జాబితాల ఆ ఇలాకా కూడ ఉన్నది. ఓనరు వేరే ఎక్కడ్నో ఉంటడు. ఆయనను ఎవ్వరూ అడగలేదు. వాకర్, ఆయన దోస్తులు అడిగింది ఆ వీధిల ఉండేటోళ్లను, దుకాణం నడుపుకునేటోళ్లను, మూల మీద నిలబడే పోరగాళ్లను. ఇక్కడ బొమ్మలు వేస్తం, మీకు సమ్మతమేనా అని. వాళ్లు సరే అన్నరు.

నా ప్రసంగం మొత్తంల నేను చెప్పదల్చుకున్నది ఇదే. దస్తావేజుల పేరున్నోడు వేరే, ఆ గోడ ముంగట పొద్దుందాక నిలబడేటోడు వేరే. వీళ్లు రెండోవాణ్ణి అడిగిండ్రు. అమెరికా వీధి చిత్రకళ మీద రాసే పండితులు ఈ గోడను రంగుల లెక్కల, శైలి లెక్కల చానా రాసిండ్రు. శైలిల చూస్తే నిజానికి అది కలగూర గంప. ఒక్కొక్కరిది ఒక్కో చెయ్యి. కొన్ని చోట్ల రంగు బొమ్మలు, కొన్ని చోట్ల బిళ్లలకు కొట్టిన ఫోటోలు. రాయ్ లూయిస్, బాబీ సెంగ్‌స్టాక్, బిల్లీ అబెర్నతీ లాంటి ఫోటోగ్రాఫర్లు కూడ ఆ పనిల ఉండిరి. గోడను ఆనుకుని ఉన్న పేపర్ల డబ్బాను కూడ వదల్లేదు, దాని మీద కరొలిన్ లారెన్స్ నాట్యకారుల బొమ్మలేసింది. దాని బలం శైలిల లేదు. ఎవరి బొమ్మ వేయాలె అన్న లిస్టుల ఉన్నది.

లిస్టు పంచాయితీ

ఆ గోడకు వాల్ ఆఫ్ రెస్పెక్ట్ అని పేరు పెట్టుకున్నరు. గౌరవం గోడ అనుకుందం. మన భాషల అయితే ఆత్మగౌరవం అనాలె. మరి గౌరవం ఎవరికియ్యాలె? ఒబాసీవాళ్లు కూసుండి మాట్లాడుకుని మూడు కొలతలు పెట్టుకున్నరు. నల్లవాళ్ల బతుకుల ఉన్న అందాన్ని, తెలివిని తన పద్ధతిల నిజాయితీగ చూపాలె. తనకంటె కింద ఉన్న తన మనుషులను మర్చిపోవద్దు. తన పనిల ఇంకొకరు ఆ జాగల నిలబడలేనంత గొప్పగ ఉండాలె. ఈ మూడిట్ల రెండోది చూడుండ్రి. పైసలు సంపాదించి, పేరు సంపాదించి, వీధి మర్చిపోయినోనికి గోడ మీద జాగ లేదు. ఈ కొలత మనూర్లల్ల పెడితే ఎంతమంది మిగులుతరో మీరే లెక్క చూసుకోండ్రి.

ఆ కొలతల మీద గోడ ఎక్కినోళ్లల్ల ఆటల భాగంల మహమ్మద్ అలీ ఉన్నడు. తారీఖులు చూస్తేనే దీని విలువ తెలుస్తది. వియత్నాం యుద్ధానికి పోను అని అలీ చెప్పింది 1967 ఏప్రిల్ 28. అదే రోజు ఆయన చాంపియన్ పట్టా గుంజుకునుడు మొదలైంది. జూన్ 20న కోర్టు అయిదేండ్ల జైలు, 10 వేల డాలర్ల జుర్మానా వేసింది. పత్రికలల్ల దేశద్రోహి అని తిట్లు. ఆగస్టుల 43వ వీధి గోడ మీద అలీ చాంపియన్ లెక్కనే నిలబడ్డడు. కోర్టు తీర్పు మీద ఆ వీధి ఇచ్చిన తీర్పు అది.

సంగీతంల చార్లీ పార్కర్, థెలోనియస్ మంక్, జాన్ కొల్‌ట్రేన్. కొల్‌ట్రేన్ ఆ జూలైలనే చనిపోయిండు. పాటలల్ల రే చార్లెస్, అరీథా ఫ్రాంక్లిన్, నీనా సిమోన్. సాహిత్యంల డబ్ల్యు.ఇ.బి. డుబాయ్, లెరోయ్ జోన్స్, గ్వెండొలిన్ బ్రూక్స్. నాయకుల భాగంల మార్కస్ గార్వే, మాల్కం ఎక్స్, స్టోక్లీ కార్మైకేల్, రాప్ బ్రౌన్. ఈ ఆఖరి ఇద్దరు అప్పటికి ఇరవై ఏండ్లు దాటిన పిల్లగాండ్లు. పోలీసుల కండ్లు వాళ్ల మీద్నే ఉన్నయి.

మార్టిన్ లూథర్ కింగ్ లేడు.

అవును, లేడు. ముందటేడే ఆ ఊర్ల రాయిదెబ్బ తిన్న కింగ్‌కు ఆ గోడ మీద జాగ దొరకలేదు. శాంతి ఊరేగింపులతోని ఏం కాలేదన్న కోపం అప్పుడు ఆ వీధులల్ల ఉన్నది. చికాగోల సర్కారుతోని చేసుకున్న ఒప్పందం కాగితాలకే పరిమితమైందన్న అసంతృప్తి ఉన్నది. దాన్ని నేను అర్థం చేసుకోగలను. కాని నాకైతే ఇప్పటికీ అది మింగుడు పడదు. వాళ్లు పెట్టుకున్న రెండో కొలత ప్రకారం చూసినా కింగ్ ఎక్కడ తక్కువైండు? మెంఫిస్‌ల చెత్త ఎత్తే కార్మికుల సమ్మె కాడికి పోయి 1968 ఏప్రిల్‌ల ప్రాణం ఇచ్చిన మనిషి. గోడ వేసేనాటికి అది ఇంకా జరగలేదు అనుకోండ్రి.

ఇంకొక పంచాయితీ. మతం భాగం వాకర్ చేతిల ఉన్నది. అందుల ఆయన నేషన్ ఆఫ్ ఇస్లాం అధినేత ఎలైజా మహమ్మద్ బొమ్మ వేసిండు. ఆ సంస్థను విడిచి బయటికొచ్చి, 1965 ఫిబ్రవరిల హత్యకు గురైన మాల్కం ఎక్స్ బొమ్మ కూడ అదే గోడ మీద ఉన్నది. మాల్కం ఉన్న గోడ మీద మా నాయకుడు ఉండడని ఎలైజా మనుషులు అడ్డం తిరిగిండ్రు. వాకర్ ఏం చెయ్యాలె? మాల్కంను తీసెయ్యలేదు. ఎలైజాను చెరిపి ఆ జాగల నాట్ టర్నర్‌ను గీసిండు. 1831ల వర్జీనియాల బానిసల తిరుగుబాటు నడిపి ఉరికంబం ఎక్కిన మనిషి. చచ్చిపోయి నూటా ముప్పై ఆరేండ్లైన మనిషితోని ఎవ్వరికీ కొట్లాట లేదు.

ఒకే ఊరు, పన్నెండు రోజులు

ఇప్పుడు నాకు ఈ మొత్తం కథల బాగ నచ్చిన ముచ్చట చెప్తా. 1967 ఆగస్టు 15. మనకు జెండ పండుగ. చికాగో నడిబొడ్డున, కోర్టులు, సర్కారు ఆఫీసులు ఉండే జాగల ఆరోజు మేయర్ రిచర్డ్ డేలీ ఒక విగ్రహం మీది ముసుగు తీసిండు. పాబ్లో పికాసో రూపం ఇచ్చిన ఉక్కు శిల్పం. 50 అడుగుల ఎత్తు, 162 టన్నుల బరువు. పక్కనే ఉన్న గ్యారీ ఊరి ఉక్కు ఫ్యాక్టరీల తయారైంది. దానికి పేరు లేదు. అది ఆడమనిషి ముఖమా, పక్షా, కుక్కనా అని జనం ఇప్పటికీ కొట్లాడుకుంటరు. పికాసో ఫీజు కూడ తీసుకోలేదు, ఊరికి కానుక అన్నడు. ఆ సభల కవిత చదవమని సర్కారువాళ్లు పిలిచింది గ్వెండొలిన్ బ్రూక్స్‌ను. 1950ల పులిట్జర్ బహుమతి తీసుకున్న కవయిత్రి. ఆ బహుమతి వచ్చిన మొట్టమొదటి నల్లజాతి మనిషి. ఆమె పోయింది, చదివింది.

సరిగ్గ పన్నెండు రోజులకు, ఆగస్టు 27న, అదే బ్రూక్స్ 43వ వీధి మూల మీద నిలబడ్డది. మేయర్ లేడు. రోడ్డు మీద జనం, పాటలు, డప్పులు. గోడ మీద తన బొమ్మ. గోడ గురించి రాసిన కవిత ఆ గోడ ముంగట్నే చదివింది. తర్వాత 1968ల వచ్చిన తన పుస్తకంల ఈ రెండు కవితలను పక్కపక్కనే అచ్చేసింది, తారీఖులతోని సహా. మొదటిది చదివితే కళ మనిషిని ఇబ్బంది పెడ్తది, తెలియనితనం ముంగట నిలబెడ్తది అన్న ఆలోచన తోస్తది. రెండోదాంట్ల జనం తమను తాము చూసుకుని లేచి నిలబడుతున్నట్లు ఉంటది. ఏది గొప్ప కళ అని ఆమె తీర్పు చెప్పలేదు. కాని ఆ ఏడాది తర్వాత ఆమె తొవ్వ ఎటు మళ్లిందో చూడుండ్రి. యాభై ఏండ్ల వయసు. న్యూయార్కుల పేరున్న పెద్ద ప్రచురణ సంస్థను విడిచిపెట్టింది. డెట్రాయిట్‌ల ఒక నల్లజాతి కవి నడిపే బ్రాడ్‌సైడ్ ప్రెస్ అనే చిన్న సంస్థకు తన పుస్తకాలు ఇచ్చింది. 43వ వీధి ఒక్కటే కారణం అంటే తప్పు. ఆ ఏడాదే ఫిస్క్ యూనివర్సిటీల యువ రచయితల సభకు పోయి వచ్చినప్పటి నుంచి ఆమెల కదలిక మొదలైంది.

మనోళ్లు చికాగోకు పోతే పికాసో శిల్పం ముంగట ఫోటో దిగి పంపుతరు. మంచిదే. 43వ వీధి దిక్కు పోయిన్రా అని అడిగితే, అటు పోవద్దన్నరు, అది నల్లోళ్ల ఏరియా అంటరు. ఈ మాట నేను చానామంది నోట విన్న. ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే తప్పైతది. మన పిల్లలు అమెరికా పోయే తొవ్వ తెరిచింది 1965 వలస చట్టం. ఏ దేశంల పుట్టినోళ్లకు ఎన్ని వీసాలు అన్న పాత వివక్ష లెక్కలను అది తీసేసింది. అదే కాంగ్రెసు ఏడాది ముందు పౌరహక్కుల చట్టం, అదే ఏడు ఓటు హక్కు చట్టం చేసింది. నల్లవాళ్లు లాఠీలు, కుక్కకాట్లు తిని తెచ్చిన గాలి లేకుంటే ఆ తలుపు అట్ల తెరుచుకునేది కాదు.

వాళ్ల పోరాటం మన దగ్గరికి వేరే తొవ్వల గూడ వచ్చింది. ఓక్‌లాండ్‌ల 1966ల పుట్టిన బ్లాక్ పాంథర్ పార్టీ పేరును చూసి 1972ల బొంబాయిల నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్ లాంటి వాళ్లు దళిత్ పాంథర్స్ పెట్టిండ్రు. తెలుగుల అయితే అలెక్స్ హేలీ రూట్స్ నవలను సహవాసి ఏడు తరాలు పేరుతోని తెచ్చిండు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చేసింది. ఎంతమంది విద్యార్థులు ఆ పుస్తకం చదివి మా తాత ముత్తాతలు ఎవరు, ఏ ఊరు అని అడుగుడు నేర్చుకున్నరో లెక్క లేదు. ఇంకా దగ్గరికి రావాలంటే హైదరాబాద్‌లనే ఏసీ గార్డ్స్ ఉన్నది. ఏసీ అంటే చల్ల మిషన్ అనుకునే పోరగాళ్లు ఉన్నరు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువుల గుర్రపు దళంల పనిచేసిన ఆఫ్రికా మూలాల సిద్దీలు ఉన్న జాగ. ఒక జాతి మొత్తం రెండు అక్షరాలల్ల దాక్కున్నది.

సంతకం లేని పని

మళ్ల గోడ కాడికి. ఎవ్వరూ తమ భాగం కింద సంతకం పెట్టొద్దు, ఎవ్వరూ దీంతోని పైసలు చేసుకోవద్దు అన్నది వాళ్ల మొదటి ఒడంబడిక. ఇది జనం పని, పేరు జనానిదే. మాట మంచిగనే ఉన్నది. డిసెంబర్‌ల ఎబొనీ పత్రిక గోడ మీద పెద్ద వ్యాసం వేసింది. దేశమంతా పేరొచ్చింది. చూడ్డానికి దూరం నుంచి మనుషులు వచ్చేటోళ్లు, ఆ వీధి పిల్లలు దగ్గరుండి చూపించేటోళ్లు. పేరు రాంగనే అసలు పంచాయితీ మొదలైంది. నార్మన్ పారిష్ వేసిన నాయకుల భాగం బాగ కుదరలేదు అన్నరు కొందరు. ఆయనకు ఇష్టం లేకున్నా దాని మీద తెల్ల రంగు కొట్టిండ్రు. అక్కడ యూజీన్ ఈడా అనే ఇంకొక చిత్రకారుడు మళ్ల కొత్తగ గీసిండు. తోటి చిత్రకారుని పని చెరిపినందుకు జట్టుల మనసులు విరిగినయి. ఆ జట్టు ఆ గోడ మీద మళ్ల కలిసి పనిచెయ్యలేదు.

దీన్ని ఎట్ల చూడాలె? జనానికి నచ్చలేదు కాబట్టి చెరిపిండ్రు అని ఒక వాదం. వీధి గోడ అంటే నోటీసు బోర్డు లెక్క, కాలం మారితే బొమ్మ మారాలె అనేటోడు వాకర్. నిజంగనే ఆ తర్వాత కూడ ఆ గోడ మీద బొమ్మలు మారినయి. కాని ఒక మనిషి ఎండల నిలబడి గీసిన పనిని ఆయనను కాదని చెరుపుడు నాకు సరిగ్గ అనిపించదు. ఓనర్‌ను అడగకపోవుడు న్యాయం, సోపతిగాన్ని అడగకపోవుడు అన్యాయం. ఉద్యమాలల్ల తిరిగినోళ్లకు ఈ రెండోది ఎట్ల ఉంటదో తెలుసు, నేను పేర్లు చెప్పాల్సిన పనిలేదు.

పోలీసుల సంగతి కూడ చెప్పాలె. చికాగో పోలీసుల్ల రెడ్ స్క్వాడ్ అని నిఘా దళం ఉండె. మీటింగులకు పోయినోళ్ల పేర్లు రాసుకునుడు వాళ్ల పని. ఒబాసీ మీద, గోడ మీద వాళ్ల కన్ను ఉన్నది. బొమ్మలు వేసేటోళ్ల మీద నిఘా ఏంది అంటే, బొమ్మలకు భయపడే సర్కారు ఒక్క అమెరికాలనే లేదు గద.

1968ల డెట్రాయిట్‌ల వాకర్, ఈడా కలిసి వాల్ ఆఫ్ డిగ్నిటీ వేసిండ్రు. 43వ వీధిల గోడకు ఎదురుంగనే 1969ల వాల్ ఆఫ్ ట్రూత్ లేచింది. ఈ బిల్డింగు మా జనానిది, మేం స్వాధీనం చేసుకున్నం అన్నట్లు అక్కడ బోర్డు కూడ పెట్టుకున్నరు. కాగితం మాత్రం చేతిల లేదు. 1971ల పాత బిల్డింగుల మంటలు లేచినయి. తర్వాత సర్కారు కూలగొట్టింది. గౌరవం గోడ బతికింది నాలుగేండ్లు, అంతే. డొనాల్డ్‌సన్, జారెల్, బార్బరా జోన్స్ వాళ్లు ఇంకో తొవ్వ పట్టిండ్రు. ఆఫ్రికోబ్రా అనే జట్టు కట్టి, బొమ్మలను తెరల మీద అచ్చు తీసి సస్తగ అమ్మిండ్రు. పేదోని ఇంట్ల గోడకు తగిలించుకునేటట్టు. బజారు గోడ కూలగొట్టొచ్చు గని ఇన్ని ఇండ్లల్ల గోడలు ఎవడు కూలగొడ్తడు?

ఇంక ఈ కాలం ముచ్చట ఒక్కటి, రెండు చెప్పి ముగిస్త. 2020 మే 25న మినియాపొలిస్‌ల జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసోడు మోకాలు పెట్టి చంపిండు. దేశమంతా లేచింది. జూన్ 5న వాషింగ్టన్‌ల వైట్‌హౌస్‌కు పోయే 16వ వీధి మీద ఆ ఊరి మేయర్ మ్యూరియల్ బౌజర్ బ్లాక్ లైవ్స్ మేటర్ అని పచ్చ రంగు అక్షరాలు రాయించింది. రోడ్డు నిండా, ఆకాశం నుంచి కనపడేటంత. ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఊరి ఉద్యమకారులు మాత్రం సంబురపడలేదు. ఇది రంగు పూతనే, పోలీసు బడ్జెట్టు సంగతి ఏంది అన్నరు. మరునాడే పక్కన పోలీసులకు పైసలు తగ్గించాలె అన్న నినాదం అదే రంగుల, అంతే సైజుల తామే రాసిండ్రు. ఆగస్టుల సర్కారు ఆ నినాదం తీసేసింది, తన అక్షరాలు ఉంచుకున్నది. 2025 మార్చిల ఆ అక్షరాలు కూడ పోయినయి. అవి తీయకుంటే ఊరికి వచ్చే నిధులు ఆపుతమని కాంగ్రెసుల బిల్లు పెట్టంగనే అదే మేయర్ ఆఫీసు మిషన్లు పెట్టి రోడ్డు తవ్వించింది. రాసిన చేతులే చెరిపినయి.

దీని పక్కన రిచ్‌మండ్‌ను పెట్టి చూడుండ్రి. బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాలకు అది రాజధాని. అక్కడ 1890ల నిలబెట్టిన జనరల్ రాబర్ట్ లీ గుర్రం విగ్రహం ఉండె. 2019 డిసెంబర్‌ల కెహిండే వైలీ అనే నల్లజాతి కళాకారుడు ఆ ఊరి మ్యూజియం ముంగట ఇంకో గుర్రం విగ్రహం పెట్టిండు. అదే ఊర్ల ఉన్న జనరల్ స్టువర్ట్ విగ్రహం పోజే. మీద కూసున్నది మాత్రం జడలు కట్టిన జుట్టు, చినిగిన జీన్స్, హుడీ ఏసుకున్న నల్ల పిల్లగాడు. ఆ బట్టలల్లనే కద పోలీసులు ఆ పిల్లగాన్ని రోడ్డు మీద ఆపేది. మంచి పని, నాకు నచ్చింది. కాని నాకు అంతకంటె ఎక్కువ నచ్చింది 2020 ఎండకాలం లీ విగ్రహం కింద జరిగింది. జనం ఆ దిమ్మె నిండా రంగులతోని రాసిండ్రు. చుట్టూ పోలీసుల చేతిల చనిపోయినోళ్ల ఫోటోలు, పేర్లు పెట్టిండ్రు. బాస్కెట్‌బాల్ ఆడే కంబం పాతిండ్రు, కూరగాయల మొక్కలు పెట్టిండ్రు. రాత్రిపూట లీ బొమ్మ మీద్నే ఫ్లాయిడ్ ముఖం వెలుతురుతోని చూపించిండ్రు. 130 ఏండ్ల నుంచి తల వంచుకుని దాటిపోయిన జాగల పిల్లలు ఆడుకున్నరు. 2021 జనవరిల సర్కారు కంచె వేసింది. సెప్టెంబర్ 8న లీ దిగిండు. ఆ ఏడాది పోకముందే రాతలున్న దిమ్మెను కూడ ఊడదీసుడు మొదలుపెట్టింది. అది ఉంచాల్సిందని ఇప్పటికీ వాదించేటోళ్లు ఉన్నరు, అందుల నేనొకణ్ణి.

ఆఖరికి వాకర్ సంగతి. ఆయన 43వ వీధి కాడ ఆగిపోలేదు. 1970ల జాన్ పిట్‌మన్ వెబర్ అనే తెల్లజాతి చిత్రకారునితోని కలిసి చికాగో మ్యూరల్ గ్రూప్ పెట్టిండు. పేదోళ్ల సర్కారు క్వార్టర్లు ఉన్న కబ్రినీ గ్రీన్ ఏరియాల ఒక చర్చి మీద ఆల్ ఆఫ్ మ్యాన్‌కైండ్ అని, మనుషులందరూ ఒకటే అని పెద్ద బొమ్మ వేసిండు. కొన్నేండ్లకు ఆ క్వార్టర్లు కూలగొట్టిండ్రు. అక్కడి పేదోళ్లు చెల్లాచెదురైండ్రు. జాగల ధరలు పెరిగినయి. చర్చి అమ్మకానికి వచ్చింది. వాకర్ 2011ల చనిపోయిండు. 2015 డిసెంబర్‌ల ఆ బొమ్మ మీద తెల్ల రంగు కొట్టిండ్రు. అప్పటికి ఆ గోడ ముంగట నిలబడి వద్దు అనేటందుకు ఆ వీధి పాత మనుషులు అక్కడ లేరు.

43వ వీధి గోడ ఇప్పుడు ఫోటోలల్ల ఉన్నది. 2017ల యాభై ఏండ్లైనయని చికాగోల ఆ ఫోటోలతోని, కాగితాలతోని ప్రదర్శన పెట్టిండ్రు, దాని మీద పెద్ద పుస్తకం కూడ వచ్చింది. కొన్ని ఫోటోలు తీసుకొచ్చిన, వెనక టేబుల్ మీద ఉన్నయి. పోయేటప్పుడు చూడుండ్రి. ఎవరెవరిని గుర్తుపడ్తరో చెప్పుండ్రి.